ఎందుకు ఖాళీ చేస్తిరి?

మే నెలాఖరుకు కర్నూలులో గానీ, కడపలో గానీ ఏ వీధిలోకి పోయినా గేట్లకు టు-లెట్ బోర్డులు కనిపిస్తాయి. బడులు తెరిచేలోగా ఇల్లు మారాలని అందరికీ ఒకటే ఆత్రం. పిల్లల చదువు కోసం పల్లె వదిలి వచ్చినవాళ్లు, బదిలీ అయిన టీచర్లు, ఆస్పత్రుల్లో పనిచేసే నర్సులు, అంగళ్లలో పనికి కుదిరినవాళ్లు అందరూ ఒకేసారి ఇళ్లు వెతుకుతారు. బోర్డు చూసి గేటు తీసిన ఆడమనిషికి బాడుగ ఎంతో చెప్పకముందే రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. "ఏమ్మా, ఇంతకు ముందు యాడ ఉంటిరి? ఎందుకు ఖాళీ చేస్తిరి?"

వినడానికి మామూలు పలకరింపులాగే ఉంటుంది. కానీ బాడుగ ఇళ్లలో బతికేవాళ్లకు ఇది పరీక్షే. నిజం చెబితే ఇల్లు దొరక్కపోవచ్చు. ఇంకేదో చెబితే, పాత ఓనరుకు ఒక్క ఫోను చేస్తే బయటపడుతుంది. అమెరికాలో దీన్ని ఎవిక్షన్ రికార్డు అంటారు. ఇల్లు ఖాళీ చేయించమని ఓనరు కోర్టుకెక్కితే ఆ సంగతి కిరాయిదారు పేరు మీద నమోదవుతుంది. తర్వాత ఎక్కడ ఇల్లు అడిగినా ముందు ఆ చిట్టా చూస్తారు. మన దగ్గర అలాంటివి లేవు కదా అనుకుంటాం. ఉన్నాయి. మన చిట్టా ఓనర్ల నోళ్లలో ఉంటుంది, అంతే తేడా. ఈమధ్య అది కంప్యూటరులోకి కూడా ఎక్కింది.

ఈ రెండు ఊళ్లలోనూ నేను బాడుగ ఇళ్లలో ఉన్నదాన్ని. ఇరుగుపొరుగు ఆడవాళ్ల కష్టసుఖాలు విన్నదాన్ని. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒకటే. ఇల్లు ఖాళీ చేయాల్సి రావడానికి కారణం ఎవరైనా, చెడ్డపేరు మాత్రం ఇంటి ఇల్లాలి ఖాతాలో పడుతుంది. ఆ పేరుకు భయపడి చట్టం ఇచ్చిన గడువును, హక్కును కూడా వదులుకుని రాత్రికి రాత్రే సామాను సర్దేది కూడా ఆమే.

నోటి మాటే రికార్డు

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని పట్టణ కుటుంబాల్లో నూటికి 27కు పైగా బాడుగ ఇళ్లలోనే ఉన్నాయి. అంటే పట్టణంలో ప్రతి నాలుగో గడపకూ ఈ సమస్య ఉన్నట్టే. అయినా మన పక్క బాడుగ వ్యవహారం చాలావరకు మాట మీదే నడుస్తుంది. ఇంత అడ్వాన్సు, నెల మొదటి వారంలో బాడుగ, కరెంటు బిల్లు వేరే, ఖాళీ చేసేటప్పుడు సున్నం ఖర్చు మీది. ఇంతటితో ఒప్పందం అయిపోతుంది. రశీదు అడిగితే "ఏం, మా మీద నమ్మకం లేదా?" అంటారు. అడిగినామెకు నోరు పెద్దదని పేరొస్తుంది.

కాగితం లేని చోట నోటి మాటే రికార్డు. ఆ మాటల్లో ఏముంటాయో ఒకసారి చూడండి. "నీళ్లు ఎక్కువ వాడుతుంది." "వాళ్లింటికి ఎప్పుడూ చుట్టాలే." "మొగుడు తాగొచ్చి గొడవ చేస్తాడు." "ఒక్కతే ఉంటుంది, ఎవరెవరో వస్తుంటారు." బాడుగ ఎగ్గొట్టిందన్న మాట వీటిలో లేదు. ఆమె ఎలా బతుకుతుంది, ఎవరితో మాట్లాడుతుంది అన్నదే చర్చ. భర్తను పోగొట్టుకున్నామె, విడిగా ఉంటున్నామె, పెళ్లి కాని ఉద్యోగిని అయితే మరీ కష్టం. కులం, మతం ఆరా తీయడం సరేసరి. అదే ఇంట్లో అన్నదమ్ములిద్దరు అద్దెకు దిగితే వాళ్లింటికి ఎవరొచ్చారని లెక్క పెట్టేవాళ్లుండరు.

మా సీమలో ఎండాకాలం వస్తే నీళ్ల తగవు వేరే ఉంటుంది. సుంకేసులలో నీళ్లు తగ్గితే కర్నూలులో కొళాయి రోజు తప్పి రోజు వస్తుంది. బోరు ఎండిపోతుంది. ట్యాంకరు ఎవరు తెప్పించాలి, డబ్బు ఎవరివ్వాలి, మోటరు ఎన్ని నిమిషాలు వేయాలి అని మొదలవుతుంది. మాటా మాటా పెరిగితే "ఈ నెలాఖరుకు చూసుకోండి" అని ముగుస్తుంది. నీళ్లు లేకపోవడం ఆ ఇద్దరాడవాళ్ల తప్పా? కాదు. కానీ బిందె పట్టుకుని నిలబడేది వాళ్లే గనుక తగాదా వాళ్ల మధ్యే, పేరు చెడేదీ బాడుగకు ఉన్నామెదే.

చట్టం పుట్టిన కాలం

బాడుగ ఇళ్ల కరువు కర్నూలుకు కొత్తేమీ కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు ఆఫీసులకే చోటు లేక గుడారాలు వేశారు. ఉద్యోగుల సంసారాలకు ఇళ్లు దొరకడం గగనమైంది. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలేదాకా ఆ తిప్పలు తప్పలేదు. అప్పటికి మన జిల్లాల్లో నడిచింది 1949 నాటి మద్రాసు అద్దె నియంత్రణ చట్టం. తెలంగాణలో 1954 నాటి హైదరాబాదు చట్టం ఉండేది. రెండింటినీ రద్దు చేసి 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల అద్దె నియంత్రణ చట్టం తెచ్చారు. మూడు తరాల కిరాయిదార్ల బతుకు దాని చుట్టూనే తిరిగింది.

ఆ చట్టంలో ముఖ్యమైన మాట ఒకటుంది. ఓనరుకు ఇష్టం లేదని ఇల్లు ఖాళీ చేయించడానికి వీల్లేదు. ఫలానా కారణాలుండాలి, వాటిని రెంట్ కంట్రోలరు ముందు రుజువు చేయాలి. కావాలని బాడుగ ఎగ్గొట్టడం, ఓనరుకు తెలియకుండా ఇంకొకరికి బాడుగకివ్వడం, ఇల్లు పాడుచేయడం, ఇరుగుపొరుగుకు ఇబ్బందిగా ప్రవర్తించడం, సరైన కారణం లేకుండా నాలుగు నెలలు వరుసగా ఇంట్లో ఉండకపోవడం, ఓనరుకు నిజంగానే సొంతానికి ఇల్లు అవసరం కావడం. అందులోని కారణాల్లో ముఖ్యమైనవివి.

నాలుగు నెలల షరతు చదివితే నాకు మా పశ్చిమ ప్రాంతం గుర్తొస్తుంది. కోసిగి, మంత్రాలయం, ఆలూరు వైపు నుంచి పంటలు పోయిన ఏడు సంసారాలు సంసారాలే గుంటూరు మిరపకోతలకు పోతాయి. పట్టణంలో గది బాడుగకు తీసుకుని పిల్లలను చదివించేవాళ్లు కూడా తాళం వేసి పోతుంటారు. తిరిగొచ్చేసరికి సామాను వరండాలో ఉంటే అడిగే దిక్కుండదు. కరువుకు వలస పోవడం సరైన కారణమేనని వాదించవచ్చు. కానీ పోయేముందు ఓనరుకు నాలుగు ముక్కలు రాసిచ్చి, బాడుగ నెలనెలా పంపినప్పుడే ఆ వాదానికి బలం.

ఇంకో సంగతి కూడా మరవకూడదు. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన ఇళ్లకు ఈ చట్టం వర్తించదని మొదట్లో ఉండేది. అంత కాలం మినహాయింపు ఇవ్వడం అన్యాయమని 1983లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2005 సవరణతో మళ్లీ గిరి గీశారు. కట్టి పదిహేనేళ్లు కాని ఇళ్లనూ, కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన బాడుగలనూ బయట పెట్టారు. అంటే కొత్త పోర్షన్లలో ఉన్న మధ్యతరగతి కుటుంబాలు చాలావరకు ఈ గొడుగు కిందికి రానే లేదు. వాళ్లకు వర్తించేది 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం. దాని ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఇంకోలా చెప్పకపోతే, నెలవారీ బాడుగకు పదిహేను రోజుల నోటీసు చాలు. అయితే నోటీసు ఇచ్చినంత మాత్రాన సామాను బయటవేసే హక్కు ఏ ఓనరుకూ రాదు. ఖాళీ చేయకపోతే కోర్టుకే పోవాలి. చట్టప్రకారం కాకుండా ఇంట్లోంచి గెంటేస్తే, ఆరు నెలల్లోపు దావా వేసి తిరిగి స్వాధీనం పొందే వీలు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో ఉంది.

బాడుగ ఆలస్యమైనప్పుడు

పేరు చెడడానికి మొదటి మెట్టు బాడుగ ఆలస్యం కావడమే. కడప, రాజంపేట, రాయచోటి వైపు కువైట్‌కు పోయిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. భర్త అక్కడ, భార్యాపిల్లలు ఇక్కడ. లేదా తల్లి అక్కడ ఇంటిపనికి పోతే, పిల్లలతో అమ్మమ్మ ఇక్కడ. అక్కడ సేటు జీతం ఆపితే ఇక్కడ బాడుగ ఆగుతుంది. మొదటి నెల ఓనరమ్మ సర్దుకుంటుంది. రెండో నెల మొహం తిప్పుకుంటుంది. మూడో నెల వీధిలో పేరు పడుతుంది.

1960 చట్టం ఇక్కడ కాస్త మానవత్వం చూపించింది. రాతపూర్వక గడువు లేకపోతే ఒక నెల బాడుగను తర్వాతి నెలాఖరులోగా ఇస్తే చాలన్నది. ఆ గడువు దాటినా, కావాలని ఎగ్గొట్టలేదని కంట్రోలరుకు నమ్మకం కుదిరితే బకాయి కట్టడానికి పదిహేను రోజుల దాకా సమయం ఇచ్చి, కట్టాక ఓనరు పిటిషను కొట్టేయవచ్చునన్నది. అంటే చేతకాక కట్టలేనివాళ్లనూ, ఉండీ కట్టనివాళ్లనూ చట్టం వేర్వేరుగా చూసింది. వీధికి ఆ తేడా పట్టదు.

ఇంకో ఎత్తు ఉంది. ఓనరు ఖాళీ చేయించాలనుకుంటే బాడుగ తీసుకోవడం మానేస్తాడు. "మీ డబ్బులు మాకొద్దు, ఇల్లు ఇచ్చేయండి" అంటాడు. ఆర్నెల్ల తర్వాత బాడుగ ఇవ్వలేదని కేసు పెడతాడు. రశీదు లేనామె ఏం చూపిస్తుంది? ఈ ఎత్తు చట్టం రాసినవాళ్లకు తెలుసు. అందుకే ఒక దారి చూపారు. ఏ బ్యాంకులో వేయమంటారో పది రోజుల్లో చెప్పమని ఓనరుకు నోటీసు ఇవ్వాలి. చెప్పకపోతే మనియార్డరు పంపాలి, కమీషను మినహాయించుకుని. అదీ తిప్పి పంపితే కంట్రోలరు దగ్గర డిపాజిట్ చేయాలి. చేతికి తీసుకోకపోవడం ఓనరు ఇష్టం కావచ్చు, కానీ ఇవ్వజూపినట్టు రుజువు మన దగ్గర ఉండాలి. ఆ సూత్రం ఇవాళ్టికీ అంతే.

ఇప్పుడు ఫోన్‌పే, గూగుల్ పే వచ్చి ఆడవాళ్లకు ఒక మేలు జరిగింది. రశీదు అడిగి మాట పడాల్సిన పని తప్పింది. డబ్బు పంపేటప్పుడు "జూన్ నెల బాడుగ" అని రెండు ముక్కలు రాస్తే అదే సాక్ష్యం. కాకపోతే చాలా ఇళ్లలో ఆ ఫోను భర్త చేతిలో, ఆ ఖాతా భర్త పేరు మీద ఉంటుంది. వీలైతే బాడుగ మీ ఖాతా నుంచే పోనివ్వండి. ఓనరు చేతికే కావాలంటే ఒక చిన్న నోటుపుస్తకం పెట్టి నెలనెలా సంతకం చేయించుకోండి. పాలవాడి లెక్కకు పుస్తకం పెడతాం, బాడుగ లెక్కకు పెట్టడంలో మర్యాద పోయేదేముంది?

భర్త పేరున్న కాగితం

ఇక అసలు చిక్కు. అగ్రిమెంటు ఉన్న ఇళ్లలోనూ అది మగాయన పేరు మీదే ఉంటుంది. ఆయన పోతే, లేదా వదిలేసి పోతే ఆమె ఎవరు? ఏ హక్కుతో ఆ ఇంట్లో ఉన్నట్టు?

వితంతువును 1960 చట్టం మరవలేదు. చనిపోయిన కిరాయిదారుతో కలిసి అదే ఇంట్లో ఉంటున్న భార్య, కొడుకు, కూతురు కూడా కిరాయిదార్లేనని నిర్వచనంలోనే రాసింది. పన్నెండోరోజు కాగానే "ఇంక మీరెట్ల కడతారు, ఖాళీ చేయండి" అనడం ఆ చట్టం ముందు చెల్లేది కాదు. కానీ భర్త వదిలేసిన ఆడమనిషి ఆ నిర్వచనంలో ఎక్కడా లేదు. బతికున్న మొగుడు పేరున్న ఇంట్లో ఆమెకు స్థానమే లేనట్టు రాశారు. ఆమె సంగతి సుప్రీంకోర్టు 2005లో పట్టించుకుంది. బెంగుళూరు నుంచి వచ్చిన ఒక కేసులో, భర్త వదిలేసిపోయి ఇంటి కేసును గాలికి వదిలేస్తే, ఆ ఇంట్లోనే కాపురం చేసిన భార్య అతని స్థానంలో నిలబడి వాదించుకోవచ్చునని చెప్పింది. బాడుగ కట్టే బాధ్యత మాత్రం ఆమె తీసుకోవాలి, భర్తకున్న హక్కుకు మించి అడగకూడదు. విడాకులైపోతే, ఆ డిక్రీలోనో ఒప్పందంలోనో ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప ఈ హక్కు మిగలదని కూడా చెప్పింది. విడాకుల కాగితాల మీద సంతకం పెట్టేముందు నగల గురించి, మనోవర్తి గురించి అడిగినట్టే ఇంటి గురించీ లాయరును అడగాలనేది అందుకే.

2005లోనే వచ్చిన గృహహింస చట్టం, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. అందులో కాపురమున్న ఇల్లు అంటే సొంతిల్లే కానక్కరలేదు, బాడుగ ఇల్లు కూడా. అగ్రిమెంటులో ఎవరి పేరున్నా ఆమెను వెళ్లగొట్టకుండా మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు. అవసరమైతే వేరే ఇల్లు చూపమని, లేదా దాని బాడుగ కట్టమని భర్తను ఆదేశించవచ్చు.

చట్టం ఇలా ఉంటే వీధి ఎలా ఉందో నాకు తెలిసిన ఒకామె సంగతి చెబుతాను. కడపలో మా వెనక వీధిలో ఉండేది. భర్త తాగొచ్చి కొడితే ఒకరోజు తట్టుకోలేక పోలీసులకు ఫోను చేసింది. జీపు వచ్చి గేటు ముందు ఆగింది. మర్నాడు ఓనరు వచ్చి, "ఇన్నేళ్లలో మా గడప ముందుకు పోలీసు రాలేదమ్మా, మర్యాదస్తుల ఇల్లు ఇది, ఖాళీ చేయండి" అన్నాడు. కొట్టిన చేతికి లేని అమర్యాద ఫోను చేసిన చేతికి అంటింది. ఆ తర్వాత ఇల్లు అడిగిన నాలుగు చోట్లా ఆ జీపు సంగతి ఆమె కంటే ముందే చేరింది. అక్కడి నుంచి ఆమె నేర్చుకున్న పాఠం ఏమిటి? ఇంకోసారి దెబ్బలు తిన్నా ఫోను చేయకూడదని. ఈ చెడ్డపేరు ఇంటికే కాదు, ప్రాణానికీ ముప్పు తెచ్చేది ఇక్కడే.

ఇది మన వెనకబాటుతనం అనుకుంటే పొరపాటు. అమెరికాలో మిల్వాకీ నగరంలో బాడుగ ఇళ్ల నుంచి గెంటివేతల మీద మాథ్యూ డెస్మండ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. 2016లో వచ్చిన ఆయన పుస్తకం ఎవిక్టెడ్‌కు మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి వచ్చింది. పేద నల్లజాతి వాడల్లో ఎక్కువగా ఇల్లు పోగొట్టుకునేది ఆడవాళ్లేనని ఆయన చూపించారు. ఒక ఇంటి నుంచి పోలీసులకు పదేపదే ఫోన్లు వస్తే, ఓనరుకు జరిమానా అని అక్కడి మున్సిపాలిటీ నిబంధన. ఆ ఫోన్లలో భర్తో, కూడా ఉండే మగవాడో కొట్టాడని చేసినవీ ఉన్నాయి. జరిమానాకు భయపడి ఓనర్లు ఫోను చేసినామెనే ఖాళీ చేయించారు. ఇలా పోలీసును పిలిచినందుకు శిక్షించకూడదని అక్కడి కేంద్ర ప్రభుత్వం 2022లో మహిళల మీద హింసకు సంబంధించిన చట్టంలో చేర్చింది. దేశం ఏదైనా, గొడవకు కారణమైనవాణ్ణి వదిలి గొడవ బయటపెట్టినామెను పంపించడం అంతటా ఉంది.

కోర్టు కాగితం కంప్యూటరులో

ఇంతకాలం మన నోటి రికార్డుకు ఒక హద్దు ఉండేది. ఊరు మారితే పేరు మారేది. కర్నూలులో చెడ్డపేరు కడప దాకా రాలేదు. ఇప్పుడు ఆ హద్దు చెరిగిపోయింది. కోర్టు కేసుల వివరాలన్నీ ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో, ఫోను యాప్‌లో ఉన్నాయి. జిల్లా, కోర్టు, సంవత్సరం, పేరు కొడితే ఎవరి మీద ఏ కేసు నడిచిందో కనిపిస్తుంది. న్యాయం కోసం తిరిగేవాళ్లకు ఇది మంచిదే. ప్లీడరు గుమాస్తాను బతిమాలకుండా వాయిదా ఎప్పుడో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. కానీ అదే తలుపు ఇల్లు బాడుగకిచ్చే ఓనరుకూ తెరిచే ఉంటుంది. కేసు గెలిచినా, రాజీ పడినా, పేరు అక్కడ కనిపిస్తూనే ఉంటుంది.

అమెరికాలో మన తెలుగువాళ్లు ఈ బాధ ఇప్పటికే పడుతున్నారు. ఉద్యోగం పోయి రెండు నెలలు బాడుగ కట్టలేకపోతే ఓనరు కోర్టులో వేస్తాడు. తర్వాత బాడుగ కట్టేసినా, కేసు కొట్టేసినా, కిరాయిదార్ల వివరాలు అమ్మే కంపెనీల రిపోర్టులో ఆ కేసు ఏడేళ్ల దాకా కనిపించవచ్చు. దీన్ని చూసి కాలిఫోర్నియా 2017 నుంచి ఒక పద్ధతి తెచ్చింది. కేసు వేసిన అరవై రోజుల్లో ఓనరు గెలిస్తేనే ఆ రికార్డు బయటివాళ్లకు కనిపిస్తుంది. లేకపోతే మూతే. మన దగ్గరా ఈ మాట ఎవరో ఒకరు అడగాలి. బాడుగ కేసుల్లో కిరాయిదారు తప్పు రుజువు కాకముందే పేరు వీధిన పడాల్సిన అవసరం ఏముంది? మహిళా సంఘాలు, లాయర్లు పట్టించుకోవాల్సిన విషయం ఇది.

కొత్త చట్టం ఏం కోరుతోంది

1960 నాటి పద్ధతి మార్చాలని మన రాష్ట్రం 2017లో నివాస, నివాసేతర ప్రాంగణాల అద్దె చట్టం చేసుకుంది. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న మోడల్ టెనెన్సీ యాక్ట్‌ను ఆమోదించి అన్ని రాష్ట్రాలకూ పంపింది. ఈ నమూనా దారిలో అద్దె చట్టాలు మార్చుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌తో పాటు తమిళనాడు, ఉత్తరప్రదేశ్, అస్సాం ఉన్నాయని కేంద్రం చెప్పింది.

నమూనా చట్టంలో కిరాయిదారుకు మేలు చేసేవి ఉన్నాయి. కాపురముండే ఇంటికి రెండు నెలల బాడుగకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు. నీళ్లు, కరెంటు ఆపకూడదు. ఓనరు ఇంట్లోకి రావాలంటే ఇరవైనాలుగు గంటల ముందు చెప్పాలి. గట్టిగా పట్టుకునేవీ ఉన్నాయి. గడువు దాటి ఉంటే మొదటి రెండు నెలలు రెట్టింపు బాడుగ, ఆ తర్వాత నాలుగింతలు కట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, రాతపూర్వక అగ్రిమెంటు ఉండాలి, రెండు నెలల్లో దాన్ని రెంట్ అథారిటీకి తెలపాలి. మొత్తం వ్యవహారం కాగితం మీద నిలబడింది.  మాట మీద బతికే మన ఊళ్లకు ఇది పెద్ద మార్పు. ఈ కాగితంలో మన పేరు ఉందా లేదా అన్నదే రేపటి ప్రశ్న.

మన రికార్డు మనం రాసుకుందాం

నోటి రికార్డుకు విరుగుడు మన చేతిరాతే. ఇల్లు తీసుకునేటప్పుడే అగ్రిమెంటు రాయించండి. పదకొండు నెలలదైనా సరే, అందులో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలని అడగండి. అడ్వాన్సు ఎంత, సున్నం ఖర్చు ఎవరిది, ఎండాకాలం ట్యాంకరు డబ్బు ఎవరిది అన్నవి కూడా రాయించండి. ఎక్కువ తగాదాలు అక్కడే వస్తాయి. చేరిన రోజే గోడలు, కొళాయిలు, ఫ్యాన్లు ఫోనులో ఫొటోలు తీసి ఓనరుకు పంపండి. ఖాళీ చేసే రోజు అడ్వాన్సులోంచి "అది విరిగింది, ఇది పోయింది" అని కోయకుండా అవే సాక్ష్యం. ఆ కాగితాల నకళ్లు పుట్టింట్లోనో, ఫోనులోనో మరోచోట ఉంచండి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచినప్పుడు నీళ్లు బీరువాలకు దారి చూపమని అడగలేదు.

బాడుగ ఆలస్యమయ్యేటట్టుంటే ముందే చెప్పండి. నోటితో చెప్పి ఊరుకోకుండా "ఫలానా తేదీకి ఇస్తాను" అని ఒక మెసేజి పెట్టండి. కావాలని ఎగ్గొట్టలేదని చెప్పడానికి అదే ఆధారం. తీసుకోనంటే ఆయన ఖాతాలో వేసి, వేశామని స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపి రశీదు దాచుకోండి. కోపంతో మీరే బాడుగ ఆపడం మాత్రం వద్దు. ఆ రోజు నుంచి తప్పు మన వైపుకు తిరుగుతుంది.

నోటీసు వస్తే చింపి పారేయకండి, భయపడి సామానూ సర్దకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. కర్నూలులో, కడపలో జిల్లా న్యాయసేవాధికార సంస్థలున్నాయి. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. మీ ఇంటికి ఏ చట్టం వర్తిస్తుంది, గడువు ఎంత అన్నది అక్కడ అడగండి. కేసు పడకముందే లోక్ అదాలత్‌కు పెట్టుకుని, ఫలానా నెలకు ఖాళీ చేస్తాం, అడ్వాన్సు ఇంత తిరిగివ్వాలి అని రాజీ రాసుకోవచ్చు. దానికి కోర్టు డిక్రీ అంత విలువ. కోర్టులో కేసు పేరు ఎక్కకుండా ఉండటానికి ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు. ఇంట్లో హింస ఉంటే 181కి చేయండి, జిల్లాలోని సఖి కేంద్రానికి పోండి. ఓనరు ఏమనుకుంటాడో అని ఆగకండి.

మర్యాదగా ఖాళీ చేసేటప్పుడు ఒక కాగితం అడగండి. "ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా ఉన్నారు, బాకీ లేదు, అడ్వాన్సు తిరిగిచ్చాం" అని నాలుగు ముక్కలు, కింద సంతకం. చాలామంది ఓనర్లు కాదనరు, అడిగేవాళ్లు లేక ఇవ్వరంతే. ఇది చేతిలో ఉంటే తర్వాతి గేటు దగ్గర "ఎందుకు ఖాళీ చేస్తిరి?" అని అడిగితే నీళ్లు నమలక్కర్లేదు.

ఓనరమ్మలకు కూడా ఒక మాట. మీలో చాలామంది ఒకప్పుడు బాడుగ ఇళ్లలో ఉన్నవాళ్లే. ఆ పై పోర్షను బాడుగ మీద బతికే పెద్ద ముత్తయిదువలు, వితంతువులూ ఉన్నారు. బాడుగ రాకపోతే మీకూ పొయ్యి వెలగదు, నిజమే. అది అడగండి, కాగితం మీద అడగండి. కానీ ఇంకొక ఓనరు ఫోను చేసి "ఆమె ఎట్లాంటిదమ్మా?" అన్నప్పుడు, బాడుగ సరిగా కట్టిందా లేదా అన్నంతవరకు చెప్పి ఆపేయండి. ఆమె మొగుడు ఎట్లాంటివాడో, ఆమె ఇంటికి ఎవరొచ్చారో మీరు చెప్పే ఒక్క ముక్క, ఆమె పిల్లల బడి మార్చగలదు, ఊరు మార్చగలదు. ఒక్కోసారి ఆమెను కొట్టే చేతుల్లోకే తిరిగి పంపగలదు.